తెవెల్దె చెయ్యి, నా కాటా

తెవెల్దె చెయ్యి ఎలాంటిదో మా ఊరి మెదెబెర్ సంతలో ఎవర్నడిగినా చెబుతారు. అతను బిగించిన నట్టు విప్పాలంటే మళ్ళీ అతనే రావాలి. ఒక్కోసారి అతను వచ్చినా లాభం ఉండదు, రంపం తెచ్చి కోసెయ్యాల్సిందే. మా సంతలో అందరివీ గట్టి చేతులే. నూనె పీపాలు సాగగొట్టి పెనాలు చేసేవాళ్ళున్నారు, లారీ టైర్లు కోసి చెప్పులు కుట్టేవాళ్ళున్నారు. వాళ్ళు కూడా తెవెల్దె ఎదురైతే చెయ్యి కలపరు, భుజానికి భుజం తగిలించి ఊరుకుంటారు.

నా పేరు అబ్రెహెత్. అతని సైకిల్ కొట్టు పక్కనే నా మిరపపొడి మిల్లు. ఇరవై రెండేళ్ళుగా నా పొడికి అతను తుమ్ముతున్నాడు, అతని సుత్తి మోతకి నేను తిడుతున్నాను. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. భార్య పోయాక వాళ్ళమ్మాయి లువాం సగం వాళ్ళింట్లో, సగం నా మిల్లులో పెరిగింది. అందుకే ఆ తండ్రీకూతుళ్ళ మధ్యకి పిలవకపోయినా వెళ్ళే హక్కు నాకుందని నా నమ్మకం.

మా సంతలో పనిచేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. నట్టు బిగిసి, పానా కిర్రుమన్నాక, మరియమ్మ తల్లిని తలుచుకుని ఇంకో పావు చుట్టు తిప్పుతారు. దాన్ని దీవెన అంటారు. కాఫీ మూడోసారి కాచి పోసే పల్చటి కప్పుకీ అదే పేరు. మూడో కప్పు తాగకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటి గడపని కాదన్నట్టే. పావు చుట్టు తిప్పకుండా పానా కింద పెడితే ఆ సైకిల్ తొక్కేవాణ్ణి గాలికొదిలేసినట్టే. తెవెల్దెకి ఇది వాళ్ళ నాన్న నేర్పాడు, ఆయనకి, ఇటాలియన్లు మా దేశాన్ని ఏలిన రోజుల్లో వాళ్ళ కొట్టులో పనిచేసిన వాళ్ళ నాన్న. మూడు తరాల్లో ఆ పావు చుట్టు ఎవరికీ చెడు చెయ్యలేదు, ఎందుకంటే అవన్నీ ఇనప సైకిళ్ళు.

లువాంకి పందొమ్మిదేళ్ళు. ఈ ఏడు క్లబ్బువాళ్ళు ఆమెకి కార్బన్ సైకిల్ ఇచ్చారు, బయటి దేశాల్లో పందేలకి వెళ్ళొచ్చిన ఒకమ్మాయి తొక్కి వదిలింది. ఒక్క చేత్తో ఎత్తొచ్చు. సీటు కింద గొట్టం కూడా కార్బనే. అది మామూలు గొట్టంలా గుండ్రంగా ఉండదు, పుచ్చగింజలా ఒకవైపు సన్నగా ఉంటుంది. ఆ సైకిల్ మీద ఒక ఆదివారం ఊళ్ళో పందెం. మొదటి అయిదుగురిలో ఉన్నవాళ్ళకి దేశం జట్టులో చోటు. దాని కోసం ఆ పిల్ల మూడేళ్ళుగా నెఫాసిత్ దాకా కొండ దిగి మళ్ళీ ఎక్కుతోంది. ఎక్కి వచ్చి నా గుమ్మంలో కూలబడితే నేనే నీళ్ళిచ్చేదాన్ని.

పందెం ఇంకా పదిహేను రోజులుందనగా తెవెల్దె ఆ సైకిల్ మీద ప్రేమ చూపించాడు. సీటు గొట్టం బయటికి తీసి, తుప్పు పట్టకుండా గ్రీజు పట్టించాడు. కార్బన్‌కి తుప్పెక్కడిది? గ్రీజు పట్టిస్తే ఏమవుతుంది, జారుతుంది. సీటు కిందికి జారింది. బిగించాడు. మళ్ళీ జారింది. పళ్ళు బిగబట్టి మళ్ళీ బిగించాడు, ఈసారి నిలబడింది. మరియమ్మ తల్లిని తలుచుకుని పావు చుట్టు తిప్పాడు. టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది, నా మిల్లు ఆగి ఉండబట్టి నాకూ వినిపించింది. లువాం పరుగున వచ్చి గొట్టం బయటికి లాగి, నాణెంతో పైనుంచి కిందికి తడుతూ వచ్చింది. అంతటా టిక్కు టిక్కుమంటోంది, బిగించిన చోట మాత్రం తడిసిన అట్ట మీద తట్టినట్టు మొద్దుగా పలికింది. గోరంత పగులు.

తప్పయిందమ్మా అని తెవెల్దె ఒక్క మాటంటే సరిపోయేది. కార్బన్ గుడ్డకి జిగురు పూసి దాన్ని సైకిలంటే ఇలాగే ఉంటుంది, సరుకులోనే లోపం ఉంది, నా చేతిలో కాదు అన్నాడు. లువాం సైకిల్ భుజానికెత్తుకుని నా మిల్లులోకి తెచ్చి, మిరపకాయల బస్తాల మధ్య దాచింది. అత్తా, నేను లేనప్పుడు మా నాన్న దీని మీద చెయ్యి వెయ్యకుండా చూసుకో అంది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అతను రోజుకి మూడుసార్లు ఏదో వంకతో నా గుమ్మం దాకా వచ్చేవాడు. ఒకరోజు పొడి కావాలన్నాడు, ఒకరోజు నిప్పు కావాలన్నాడు. మూడో రోజు ఏమీ తోచక టైమెంతయిందని అడిగాడు. అతని చేతికి వాచీ ఉంది.

ఆ పుచ్చగింజ ఆకారం గొట్టం ఊళ్ళో ఎక్కడా లేదు. మా సంతలో విమానం రెక్కలోంచైనా గరిట చేసిపెడతారు గానీ అది మాత్రం ఎవరివల్లా కాలేదు. చివరికి మెండెఫెరాలో ఒకామె దగ్గర అదే రకం సైకిల్ పాడై మూలన పడి ఉందని తెలిసింది. లువాం బస్సెక్కి వెళ్ళి దాని గొట్టం తెచ్చుకుంది. ఇది కూడా పగిలితే ఇంకోటి లేదు, ఆదివారం కూడా లేదు.

ఈసారి తనే బిగించుకుంది. పగులుతుందేమోనన్న భయంతో చాలీచాలకుండా బిగించింది. గురువారం రాళ్ళు పరిచిన వీధిలో సాధన చేస్తుంటే సీటు రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది, మోకాలు పట్టేసింది. ఆదివారం సీటు దిగిందంటే నీ పని అయిపోయినట్టే, సరిగ్గా బిగించి తీసుకురా లేదంటే నీ చోటు ఇంకొకరికిస్తాను అన్నాడు క్లబ్బు శిక్షకుడు. ఎంత బిగిసిందో చూపించే పానా ఊరంతటికీ ఒక్కటే ఉంది. అది జట్టుతో పాటు విమానమెక్కి వేరే దేశం పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం లువాం నా మిల్లులో బస్తా మీద కూర్చుని, సీటు గొట్టాన్ని పట్టి ఉంచే పట్టీ మీది బొల్టు వంకే చూస్తూ ఉంది. దాని పక్కన చీమ తలంత అక్షరాల్లో అయిదు అంకె ఉంది. ఇదేం లెక్కే అన్నాను. బడిలో చెప్పిందే అత్తా అంది. బొల్టు తలలో దూర్చి తిప్పే వంపు పానాని, అదే అలెన్ కీని, బొల్టుకి పది సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని అయిదు కిలోల బరువుతో లాగితే ఎంత మెలి పడుతుందో అంత చాలట. అంతకంటే తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే నలుగుతుంది. ఇదంతా నాన్నకి ముందే చెప్పాను, నవ్వాడు, మా తాత కిలోలు చూసి నట్లు బిగించాడా అన్నాడు అని కళ్ళు తుడుచుకుంది.

అయిదు కిలోలు అనగానే నేను నా కాటా వైపు చూశాను. పైన కొక్కెం, కింద కొక్కెం, మధ్యలో గుండ్రటి పలక మీద సూది. బస్తాలు తూచే స్ప్రింగు కాటా. దాని కింది కొక్కేన్ని అలెన్ కీకి తగిలించి పై కొక్కెం పట్టుకుని లాగితే, సూది ఎంత చూపిస్తే అంత లాగినట్టే కదా అన్నాను. లువాం లేచి నన్ను వాటేసుకుంది. నా బుర్ర మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది. అదే తొందరలో నేనొక సంగతి మర్చిపోయాను. మర్చిపోయానంటే అబద్ధం, దాన్ని గుర్తు తెచ్చుకోకుండా బతకడం అప్పటికి నాలుగేళ్ళుగా అలవాటు చేసుకున్నాను.

సీటు ఎత్తు కదలకుండా పట్టుకోవడానికి ఒకరు కావాలి, కాటా చదవడానికి ఒకరు, కుదుపు లేకుండా లాగడానికి ఒకరు. కాటా రోజూ చదివేదాన్ని నేను. ఎత్తు లువాంకి తెలుసు. మూడో మనిషి ఎవరని ఇద్దరం మొహాలు చూసుకున్నాం. గుమ్మం బయట ఎవరో దగ్గారు. ఈసారి టైము కూడా అడగలేదు.

"ఒరే తెవెల్దె, లోపలికి రా. నీ చెయ్యి కావాలి. నోరు బయటే వదిలేసి రా," అన్నాను.

వచ్చాడు. వస్తూనే అలవాటుగా చంకలో ఇనప దవడలున్న చిన్న వైసు తెచ్చాడు, సైకిల్ అడ్డగొట్టాన్ని ఆ దవడల మధ్య బిగించి నిలబెడదామని. లువాం సైకిల్‌కి అడ్డం నిలబడింది. ఆ గొట్టం గోడ గుడ్డు పెంకంత, పొడుగునా ఎంత బరువైనా మోస్తుంది గానీ పక్కనుంచి పిండితే తట్టుకోదు అని నేలని చూస్తూ చెప్పింది. అతను వైసు తీసుకెళ్ళి గుమ్మం అవతల పెట్టొచ్చాడు. సైకిల్‌ని రెండు మిరపకాయల బస్తాల మధ్య ఆనించి నిలబెట్టాం. అంత మెత్తటి స్టాండు ఏ దేశం జట్టుకీ ఉండి ఉండదు.

ముందు గ్రీజంతా స్పిరిట్ గుడ్డతో తుడిచాం, గొట్టం దూరే రంధ్రం లోపల కూడా. తర్వాత లువాం క్లబ్బు ఇచ్చిన చిన్న పొట్లం విప్పింది. అందులో ఒక ముద్ద, వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి ఇసుకలా గరగరలాడుతోంది. అది గొట్టానికి పూస్తే తక్కువ బిగింపుకే పట్టు నిలుస్తుందట. మంచి సరుకు మీద ఇసుక పూయడమేంటి అని తెవెల్దె నోరు తెరిచాడు. నేను చూసిన చూపుకి మూసుకున్నాడు. మధ్యలో తుమ్మొస్తే కొంప మునుగుతుందని మిల్లు ఆపి, తలుపులు తెరిచి, అతని ముక్కుకి నా తలగుడ్డ కట్టాను.

అలెన్ కీ మీద పది సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, అక్కడ కొక్కెం తగిలించాం. తెవెల్దె లాగడం మొదలుపెట్టాడు. అంత నెమ్మదిగా ఆ మనిషి ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు. సూది రెండు దాటింది, మూడు దాటింది, నేను పైకి చదువుతున్నాను. లువాం కాటా వైపు చూడనైనా లేదు. రెండు చేతులతో సీటు పట్టుకుని కళ్ళు మూసుకుంది. నా నోటి మాట వింటే చాలన్నట్టు ఉంది.

"అయిదు," అన్నాను.

ఆగాడు. తలగుడ్డ పైనుంచి కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, అవి దీవెన చుట్టు అడుగుతున్నాయి. చాలు నాన్నా, వదిలెయ్ అంది లువాం. వదిలేశాడు. దాదాపు రెండు వారాల తర్వాత ఆ పిల్ల అతన్ని నాన్నా అని పిలవడం అదే. అతను మొహం పక్కకి తిప్పుకుని, ఈ మిల్లులో పొడి ఎక్కువైంది అన్నాడు.

కాఫీ పెట్టమన్నారు, పెట్టాను. గింజలు వేయిస్తుంటే లువాం నవ్వుతూ ఏవేవో చెబుతోంది. ఏ మలుపులో ఎవర్ని దాటాలో, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కడ సీట్లోంచి లేవాలో. నాకు చెవుల్లోకి ఏమీ పోవడం లేదు. మొదటి కప్పు తాగాం. రెండో కప్పు తాగాం. నాకు తెలిసిందేమిటంటే, నా కాటా అయిదంటే అయిదు కాదు. నాలుగేళ్ళ కింద దాని స్ప్రింగు నీరసించింది. నాలుగున్నర వేలాడదీస్తే అయిదు చూపిస్తుంది. మొదట్లో మార్పిద్దామనే అనుకున్నాను. తర్వాత, మిల్లు ఆడుతుంటే గాల్లోకి ఎగిరిపోయే పొడి మాటేమిటి, ఇరుగుపొరుగు ముక్కుల్లోకి ఊరికే పోయే పొడి మాటేమిటి, అది ఎవరు ఇస్తారు నాకు అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధాలు నాకు నేను చెప్పుకున్నంత బాగా ఇంకెవరికీ చెప్పలేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆదివారం సీటు జారినా, అందరూ తెవెల్దెనే అంటారు. ఈసారి మరీ వదులుగా బిగించాడు, ముసలాడికి చేతకాలేదు అంటారు. మూడో కప్పు పోశాను. ఇద్దరూ అందుకున్నారు. నా కప్పు నేను పెదాల దాకా తెచ్చి, తాగలేక కింద పెట్టేశాను.

"ఏంటత్తా, దీవెన కప్పు కింద పెట్టావు?" అంది లువాం.

"నా అయిదు అయిదు కాదే పిల్లా," అన్నాను. "ఆ కాటా ఎక్కువ చూపిస్తుంది. నాలుగేళ్ళయింది. నాకు తెలుసు."

తిట్టినా బాగుండేది. లువాం లేచి అయిదు లీటరు సీసాలు వెతికి, కుళాయి దగ్గర నీళ్ళు నింపుకొచ్చి, ఒక సంచిలో వేసి నా కాటాకి వేలాడదీసింది. లీటరు నీళ్ళంటే కిలో, దాన్ని ఎవరూ మార్చలేరు. సూది అయిదు దాటింది, అయిదున్నర కూడా దాటి రవ్వంత అవతల నిలబడింది. ఆ సమయానికి నా మొహం నేను పట్టే పొడికంటే ఎర్రగా ఉండుంటుంది.

తెవెల్దె సూదిని చూశాడు, నన్ను చూశాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. "అయితే అక్కా, నాలుగేళ్ళ నుంచి నా కూర చప్పగా ఉందని మా అమ్మాయిని ఊరికే తిట్టానన్నమాట," అన్నాడు. లువాం మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా అత్తా?" అంది.

"ఆదివారం రాళ్ళ వీధిలో తెలిసేది," అన్నాను.

కాసేపు నా చెయ్యి పట్టుకుంది. తర్వాత పలక మీద సూది నిలబడిన చోట పెన్సిల్‌తో గీత గీసి, నాన్నా రా, ఈ గీత దాకా అంది. మళ్ళీ ముగ్గురం మా మా చోట్లలో నిలబడ్డాం. ఇంకా కొంచెం కావాలనగానే తెవెల్దె మొహం వెలిగిపోయింది. చూశావా, నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను అని మొదలుపెట్టబోయి, తలగుడ్డ లోపలే ఆపేసుకున్నాడు. సూది గీతని తాకగానే నేను చెప్పకముందే ఆగాడు.

పానా పట్టిన చెయ్యి మాత్రం వదల్లేదు. అడుగుదామా వద్దా అని నిలబడ్డాడు. చివరికి, మా నాన్న చేతి మీదుగా వచ్చిందమ్మా ఆ పావు చుట్టు, తిప్పకుండా వదిలేస్తే పందెం రోజు నాకు ఊపిరాడదు అన్నాడు. దాని బదులు నోటితో దీవించు నాన్నా, బొల్టుకి నొప్పెయ్యదు అంది లువాం. అతను సీటు మీద అరచెయ్యి పెట్టి పెదాలు కదిపాడు. అప్పటికీ చేతి దురద తీరలేదు. నా మిల్లు కాలి దగ్గర బొల్టు ఒకటి కనపడితే దానికి పావు చుట్టు తిప్పొచ్చాడు. తల ఊడి చేతికొచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురం నవ్వీ నవ్వీ డొక్కలు పట్టుకున్నాం.

శనివారం పొద్దున్నే కాటా స్ప్రింగు అతనే మార్చాడు, నీళ్ళ సీసాలు పెట్టి సరిచూశాం. వచ్చిన ప్రతి ఆడమనిషికీ నా నోటితో నేనే చెప్పాను, ఇన్నాళ్ళూ తక్కువ తూచాను, క్షమించండి, ఇవాళ పైన రెండు దోసిళ్ళు వేస్తున్నాను అని. తలవంపులే అనుకున్నాను. మొదటొచ్చిన ముసలావిడ సంచి నోరు పట్టుకుని, అందుకేగా నేనెప్పుడూ ఇంకో పిడికెడు వెయ్యమని నీతో గొడవపడేది అంది. సగం సంతకి ముందే తెలుసు. నేనొక్కదాన్నే దాచాననుకున్నాను.

ఆదివారం పందెం పది చుట్లు. సీటు గొట్టం దగ్గర తెవెల్దె చిన్న తెల్ల టేపు అంటించాడు, జారితే తెలియడానికి. ఆడపిల్లలు మా ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఊరంతా పిల్లల మొహాలు చూస్తుంటే అతను వంగి ఆ టేపు కోసం చూసేవాడు. అంత వేగంలో టేపు ఎవరికి కనిపిస్తుంది? ఎనిమిదో చుట్టులో రాళ్ళ వీధి మలుపులో ఒకమ్మాయి పడింది. వెనకాలే వస్తున్న లువాం సైకిల్ గుంతలో దిగి, ఎగిరి, మళ్ళీ చక్రాల మీదే పడింది. తెవెల్దె నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ నొప్పి ఇప్పటికీ ఉంది. లువాం కూర్చునే తొక్కింది. సీటు దిగి ఉంటే అలా తొక్కలేదు అని ఆ పిల్లని చూసి చూసి నాకూ తెలుసు.

నాలుగో స్థానం. జనం మీద పడుతున్నారు, ఎవరో పూలు ఇస్తున్నారు. తెవెల్దె అందర్నీ తోసుకుని వెళ్ళి, కూతురి మొహం కూడా చూడకుండా, సైకిల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టేపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాన్నా, నాలుగో స్థానం నాన్నా అని ఆమే భుజం తట్టి చెప్పాల్సి వచ్చింది.

అప్పుడే శిక్షకుడు వచ్చాడు. జట్టు వచ్చే నెల ప్రయాణం, సైకిల్ విప్పి పెట్టెలో సర్దాలి, అక్కడికెళ్ళాక మళ్ళీ బిగించాలి, రేపు మా మెకానిక్‌కి ఇచ్చెయ్ అన్నాడు. వద్దండీ, ఇక్కడ మా నాన్న విప్పుతాడు, అక్కడ ఎలా బిగించాలో ఆయనే రాసిస్తాడు అంది లువాం. శిక్షకుడు తెవెల్దె వైపు ఒకసారి, ఆ చేతుల వైపు ఒకసారి చూశాడు.

"మొన్న గొట్టం పగలగొట్టింది ఈయనే కదమ్మా?"

"ఈయనే," అంది లువాం. "ఎంత దగ్గర పగులుతుందో మీ అందరికంటే ఈయనకే బాగా తెలుసు. నా సైకిల్ మా నాన్న తప్ప ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

తెవెల్దె లేవలేదు. అలాగే మోకాళ్ళ మీద, చక్రం పట్టుకుని ఉండిపోయాడు. అతను ఏడవడం నేను చూడకూడదని పక్కకి తిరిగాను గానీ, నా కళ్ళూ ఆగలేదు.